గెలిచినవారికేనా గౌరవం?

నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు అన్నారు. ఆ నాలుగు విధాలు ఏవో వారు విడమరచి చెప్పలేదు. అయితే ఒక థాయ్ హాస్యచిత్రం చూచిన పిమ్మట మా మిత్రబృందంలో చెలరేగిన వాదోపవాదాలను బట్టి వాటిలో ఒక్క విధమైనా మాకు తెలిసివచ్చింది. నవ్వేవారికి అది గడియసేపు వినోదం. నవ్వులపాలైనవారికి మాత్రం అది ఏళ్ల తరబడి మానని గాయం. ఈ సంగతిని సోదర విద్యార్థుల ఎదుట, కళాశాల సంఘం పెద్దల ఎదుట ఉంచడం కొరకే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

గడచిన విద్యాసంవత్సరంలో ఒక ఆదివారం సాయంకాలం వసతిగృహంలో సుమారు ఇరవైమందిమి కూర్చుని ఈ చిత్రం చూచాము. థాయ్ భాష మాలో ఎవరికీ రాదు. తెర అడుగున వచ్చే ఇంగ్లీషు మాటలను ఒక మిత్రుడు ఉర్దూలో, మరొక మిత్రుడు తెలుగులో గట్టిగా చదివి వినిపించారు. అందువల్ల ప్రతి హాస్యోక్తికీ నవ్వు రెండుసార్లు పుట్టింది. చిత్రం ముగిసిన తరువాత ఎవరి గదికి వారు పోలేదు. రాత్రి భోజనాల గంట మ్రోగేవరకు వాదన సాగింది. ఆ వాదనలో వినవచ్చిన అభిప్రాయాలను, వాటిపై మాకు తోచిన ఆలోచనలను వరుసగా చెబుతాము.

ముందుగా కథ. చిత్రం పేరు థాయ్ భాషలో ‘సత్రీ లెక్’, అనగా ఉక్కు స్త్రీలు. ‘ది ఐరన్ లేడీస్’ అనే ఇంగ్లీషు పేరుతో ఇతర దేశాలకు పరిచయమైంది. 2000 సంవత్సరంలో విడుదలైన ఈ చిత్రానికి దర్శకుడు యోంగ్యుత్ తొంగ్‌కొంగ్‌తూన్. మోన్, జుంగ్ అనే ఇద్దరు యువకులు వాలీబాల్‌లో మంచి నేర్పు గలవారు. కాని వారి నడక, మాట, అలంకరణ స్త్రీల తీరుగా ఉన్నందున ఏ జట్టూ వారిని చేర్చుకోదు. ఉత్తర థాయిలాండులోని లంపాంగ్ రాష్ట్ర జట్టుకు బీ అనే స్త్రీ శిక్షకురాలిగా వస్తుంది. ఆమె ఎంపిక పోటీలు పెట్టి, ఆట మాత్రమే చూచి ఈ ఇద్దరినీ తీసుకుంటుంది. వెంటనే పాత ఆటగాళ్లు దాదాపు అందరూ జట్టు విడిచి వెళ్లిపోతారు. చాయ్ అనే ఒక్క యువకుడు మాత్రం మిగులుతాడు. జట్టుకు కావలసిన తక్కినవారిని మోన్, జుంగ్ తమ పాత స్నేహితులలో నుంచే వెదకి తెస్తారు. వారిలో ఒకరు సైన్యంలో పనిచేస్తున్న నోంగ్. మరొకరు తన స్వభావాన్ని ఇంటిలో దాచి, పెద్దలు కుదిర్చిన పెళ్లికి తలవంచిన విట్. ఇంకొకరు నాట్యప్రదర్శనలతో జీవించే పియా. ఇలా కూడిన జట్టు, ప్రేక్షకుల ఈలల మధ్య, అధికారుల అడ్డంకుల మధ్య జాతీయ పోటీలలో విజేతగా నిలుస్తుంది.

ఇది కల్పన మాత్రమే అయితే ఇంత చర్చకు తావుండేది కాదు. స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు అధికసంఖ్యలో గల లంపాంగ్ జట్టు 1996లో థాయిలాండు పురుషుల జాతీయ వాలీబాల్ విజేతగా నిలవడం జరిగిన కథ. చిత్రం చివర నిజమైన ఆటగాళ్లు కూడా తెరపై కనిపిస్తారు. చిత్రం ఆ దేశంలో గొప్ప ప్రజాదరణ పొందింది. 2003లో దీనికి రెండవ భాగం కూడా వచ్చింది.

ఇక ప్రేక్షకుల అభిప్రాయాలు. మొదటిది అధికసంఖ్యాకులది. “భలే తమాషాగా ఉంది, కడుపు చెక్కలయ్యేలా నవ్వాము, అంతకు మించి ఆలోచించవలసినది ఏముంది?” అన్నది వారి మాట. హాస్యచిత్రాన్ని హాస్యచిత్రంగా చూడడం తప్పు కాదు. అయితే మేము ఒక సంగతి గమనించాము. చిత్రం మొదటి అరగంటలో మన గదిలోని నవ్వు, తెరమీద ఆటస్థలంలో కూర్చున్న ప్రేక్షకుల నవ్వు ఒకే చోట పుట్టాయి. ఒక మగవాడు పెదవులకు రంగు పూసుకుంటే నవ్వు, కెవ్వుమని అరిస్తే నవ్వు. కథ నడచినకొద్దీ తెరమీది ప్రేక్షకులు మారారు. వారు ఈ జట్టు కొరకే చప్పట్లు కొట్టసాగారు. మన గదిలో మాత్రం కొందరి నవ్వు చివరివరకు మొదటి చోటనే నిలిచిపోయింది. చిత్రం మనలను ముందుకు పిలిచింది. వెళ్లామా లేదా అన్నది ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న.

రెండవ అభిప్రాయం కొంచెం లోతైనది. “ఇది వారి పక్షాన తీసిన చిత్రమని చెప్పుకుంటారే గాని, వారిని మరింత నవ్వులాటగా చేసింది. అటువంటి మనుషులందరూ ఇలాగే అరుస్తారా? ఇలాగే అద్దం ముందు కూర్చుంటారా?” అని ఒక మిత్రుడు నిలదీశాడు. ఈ విమర్శలో న్యాయం ఉంది. దర్శకుడు నవ్వించడానికి సులభమైన దారులు తొక్కిన ఘట్టాలు చిత్రంలో లేకపోలేదు. మన తెలుగు చలనచిత్రాలలోనూ ఆడనడక నడిచే హాస్యపాత్ర చిరకాలంగా ఉన్నదే. అయితే రెండింటికీ ఒక భేదం ఉంది. మన చిత్రాలలో ఆ పాత్ర సాధారణంగా రెండు నిమిషాలు కనబడి, చెంపదెబ్బ తిని వెళ్లిపోతుంది. దానికి ఇల్లు లేదు, తల్లి లేదు, రేపు లేదు. ‘సత్రీ లెక్’లో ఆ మనుషులకు ఇల్లూ ఉంది, దుఃఖమూ ఉంది. విట్ రహస్యం తల్లిదండ్రులకు తెలిసిన ఘట్టంలో మా గదిలో ఎవరూ నవ్వలేదు. పియా పాత్రను ట్రాన్స్‌జెండర్ నటియే ధరించింది. అందరిలోకి నెమ్మదైన పాత్ర అదే. నవ్వుకు, మనిషికి మధ్య కొంత దూరం ఈ చిత్రం తగ్గించింది. పూర్తిగా తగ్గించలేదని విమర్శకుడు అంటే మేము కాదనము.

మూడవ అభిప్రాయం నైతికమైనది. “ఇటువంటి జీవితాలను మెచ్చుకొనే చిత్రాలు విద్యార్థులు చూడదగినవి కావు” అని ఒకరిద్దరు గంభీరంగా అన్నారు. వారి చిత్తశుద్ధిని మేము శంకించము. కాని వారు జవాబు చెబుతున్న ప్రశ్న, చిత్రం అడిగిన ప్రశ్న ఒకటి కావు. ఎవరు ఎవరిని ప్రేమించాలి, ఎవరు ఏ దుస్తులు ధరించాలి అని ఈ చిత్రం మన తీర్పు అడగలేదు. బంతిని చక్కగా ఆడగలిగిన మనిషికి జట్టులో చోటు ఉండాలా, వద్దా అన్నంతవరకే అడిగింది. మొదటి ప్రశ్నకు మీ జవాబు ఏదైనా కావచ్చు. రెండవదానికి న్యాయబుద్ధి గల ఎవరైనా ఒక్కటే జవాబు చెప్పగలరు. ఉర్దూలో ఇన్సాఫ్ అన్నా, తెలుగులో న్యాయం అన్నా, అది మనకు నచ్చినవారికి మాత్రమే పంచిపెట్టే మిఠాయి కాదు.

నాలుగవ అభిప్రాయం మా క్రీడాకారులది. “ట్రాన్స్‌జెండర్లను పోటీలలోకి అనుమతిస్తే ఇతరులకు అన్యాయం జరగదా? ప్రపంచమంతా దీని మీద తగవు పడుతున్నది కదా?” అని వారు అడిగారు. తగవు ఉన్నమాట నిజమే. యౌవనదశలో పురుష శరీరం పొందినవారు స్త్రీల పోటీలలో పాల్గొనవచ్చునా అన్న విషయమై అంతర్జాతీయ క్రీడాసంస్థలు తీవ్రంగా చర్చించాయి. ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2023లో అట్టివారిని స్త్రీల విభాగం నుంచి మినహాయించింది. కాని లంపాంగ్ జట్టు ఆడింది పురుషుల పోటీలలో. వల ఎత్తు అందరికీ 2.43 మీటర్లే. బలంలో వారికి అదనపు లాభం ఉన్నదని ఎవరూ అనలేదు. వారిపై వచ్చిన అభ్యంతరమల్లా వారి నడక మీద, పెదవుల రంగు మీద. ఒక తగవులోని వాదాన్ని తెచ్చి మరొక తగవులో వాడుకోవడం ఆటలోనూ, తర్కంలోనూ తప్పిదమే.

అయిదవ అభిప్రాయం అభిప్రాయం కాదు, ప్రశ్న. అంతసేపూ మాట్లాడకుండా గోడకు ఆనుకుని కూర్చున్న మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు, భోజనాల గంట మ్రోగే వేళకు మెల్లగా అన్నాడు: “అన్నా, వాళ్లు ఓడిపోయి ఉంటే?”

ఎవరూ జవాబు చెప్పలేదు. నిజానికి ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము ఆలస్యంగా వ్రాస్తున్న జవాబు.

వాళ్లు ఓడిపోయి ఉంటే చిత్రం ఉండేది కాదు. వారి పేర్లు లంపాంగ్ దాటి వెళ్లేవి కావు. ఎంపికలో వెనుదిరిగిన మోన్, జుంగ్‌లవంటివారు ఏ దేశంలోనైనా ఎందరో ఉంటారు. వారి కథలను ఎవరూ తెరకెక్కించరు. గెలిచినవారిని లోకం నెత్తిన పెట్టుకుంటుంది. గెలుపు పతకమే కాదు, క్షమాపణపత్రం కూడా అయిపోతుంది. “ఎలాంటివాడైతేనేమి, మన ఊరికి పేరు తెచ్చాడు” అంటుంది లోకం. ఇది మెచ్చుకోలుగా వినిపిస్తుంది గాని, లోతుగా చూస్తే షరతు. ఇతరులు మనుషులుగా పుట్టినందుకే పొందే మర్యాదను, వీరు మాత్రం పతకం ఇచ్చి కొనుక్కోవాలన్న షరతు.

పైగా ఆ ధర చెల్లించినా సరుకు పూర్తిగా చేతికి రాదు. 1996లో జాతీయ విజేతలైన ఈ జట్టులోని ఇద్దరిని థాయ్ జాతీయ జట్టులోకి రానీయలేదు. దేశం పరువుకు లోపమని అధికారుల భయం. స్వదేశంలో అందరినీ ఓడించినవారు విదేశంలో దేశం తరఫున నిలబడడానికి తగరట. థాయ్ ముష్టియుద్ధమైన ముయే థాయ్‌లో పేరు పొందిన పరిణ్య చరోయెన్‌పోల్ కథ కూడా ఇటువంటిదే. పెదవులకు రంగు పూసుకుని బరిలోకి దిగిన ఈ యోధుని 1998లో బ్యాంకాక్‌లోని లుంపినీ క్రీడాశాలలో జనం మొదట వింతగా చూచారు. ప్రత్యర్థులను పడగొట్టిన కొద్దీ ఆదరించారు. 1999లో శస్త్రచికిత్సతో స్త్రీగా మారిన పరిణ్య జీవితం 2003లో ‘బ్యూటిఫుల్ బాక్సర్’ అనే చిత్రమైంది. అక్కడ కూడా ఆదరణకు మూలం పిడికిలి బలమే. పిడికిలి బలం లేనివారి మాట ఏమిటి?

థాయిలాండు ఇటువంటివారికి స్వర్గమని మాలో ఒకరు వాదించారు. “అది వేరే దేశం, అక్కడ చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు” అన్నారు. ఈ మాటలో రెండు సగాలూ సరికావు. లంపాంగ్ జట్టు గెలిచిన కాలంలోనే, అనగా 1996-97 ప్రాంతంలో, ఆ దేశంలో ఉపాధ్యాయ శిక్షణ నిచ్చే రాజభట్ విద్యాసంస్థలు స్వలింగ ప్రేమికులను, ‘కతోయ్’ అని అక్కడ పిలువబడేవారిని విద్యార్థులుగా చేర్చుకోరాదని నిశ్చయించాయి. తీవ్రమైన విమర్శ వచ్చిన మీదట ఆ నిర్ణయాన్ని విడిచిపెట్టవలసివచ్చింది. ఒక పక్క జాతీయ పతకం, మరొక పక్క కళాశాల గుమ్మం వద్ద నిషేధం. స్వర్గాలు ఇలా ఉండవు. 2025 జనవరి 23 నుంచి అక్కడ ఒకే లింగానికి చెందిన ఇరువురి వివాహానికి చట్టం ఆమోదం తెలిపింది. కాని ఆ చట్టం వచ్చేనాటికి అధికారపత్రాలలో తమ లింగాన్ని మార్పించుకొనే హక్కు ట్రాన్స్‌జెండర్లకు అక్కడ ఇంకా లేదు. నడుస్తున్న దేశమే గాని, గమ్యం చేరిన దేశం కాదు.

మన సంగతి చూద్దాము. మన హైదరాబాదు సంస్థానంలో ఫసలీ 1329లో, అనగా 1919లో, నపుంసకుల చట్టమని ఒకటి వచ్చింది. దాని ప్రకారం అట్టివారి పేర్లు ప్రభుత్వ పుస్తకంలో నమోదు కావాలి. అలా నమోదైన మనిషి స్త్రీ దుస్తులతో వీధిలో కనబడినా, బహిరంగ స్థలంలో ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకొనవచ్చును. నిజాము పాలన పోయింది, సంస్థానం పోయింది, రాష్ట్రాలు ఏర్పడ్డాయి, విడిపోయాయి. ఆ చట్టం మాత్రం పుస్తకాలలో అలాగే నిలిచి ఉంది. దానిని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023 జూలైలో. నూరేళ్లు దాటిన తరువాత! లంపాంగ్ ఆటగాళ్లు పెదవులకు రంగు పూసుకుని జాతీయ పతకం అందుకున్న నాటికి, మన నగరంలో అదే అలంకరణతో వీధిలో నడిచిన మనిషిని పట్టుకొనేందుకు చట్టం సిద్ధంగా ఉంది. కాబట్టి “ఇక్కడ చెల్లదు” అన్న మాట నిన్నటిది. నేడు చెల్లుతుంది. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు హక్కును అంగీకరించింది. 2018 సెప్టెంబరు 6న, పరస్పర సమ్మతి గల వయోజనుల స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు చెప్పింది. చట్టం ఆలస్యంగానైనా కదిలింది. కదలవలసినవారము మనము.

ఇప్పుడు మేము చెప్పడానికి సంకోచిస్తున్న సంగతి చెప్పవలసి ఉంది. పరుల చిత్రాన్ని గురించి ఇన్ని మాటలు వ్రాసి, మన ఆటస్థలాన్ని గురించి మౌనం వహిస్తే అది నిజాయితీ అనిపించుకోదు.

కొంతకాలం క్రిందట మా వాలీబాల్ సాధనకు ఒక విద్యార్థి వచ్చేవాడు. పేరు చెప్పము, తరగతి చెప్పము. ఆటలో అతను గొప్పవాడు కాదు, చెడ్డవాడూ కాదు. బంతిని వల దగ్గరకు లేపి ఇవ్వడంలో చేతివాటం ఉండేది. దూరం నుంచి కొట్టే బలం లేదు. గొంతు సన్నన, నడక మెత్తన. మాట్లాడేటప్పుడు చేతులు తిప్పేవాడు. మొదటివారంలోనే అతనికి ‘ఆడంగి’ అని పేరు పడింది. రెండవవారంలో అతని చేతికి బంతి వచ్చిన ప్రతిసారీ గట్టుమీద కూర్చున్నవారు సన్నని గొంతుతో రాగం తీయసాగారు. అతను బంతి జారవిడిస్తే నవ్వు, పట్టుకుంటే మరింత నవ్వు. మూడవవారం నుంచి అతను రావడం మానుకున్నాడు. అతనిని జట్టు నుంచి ఎవరూ తీసివేయలేదు. ఏ అధికారీ కాగితం వ్రాయలేదు. పట్టికలో అతని పేరు ఎదుట ‘సొంత కారణాల వల్ల’ అని ఉంది.

ఆ సొంత కారణాలము మేమే. గట్టుమీద రాగం తీసినవారిలో మాలో కొందరు ఉన్నారు. తీయనివారు ఆపమని చెప్పలేదు. అతను ఎవరు, అతని మనసు ఎటువంటిది, తన్ను తాను ఏమని తలచుకుంటాడు అన్నది మేము ఎన్నడూ అడగలేదు. అది అతని సొంత విషయం. కాని పేరు పెట్టినవారు కూడా అడిగి పెట్టలేదు. ఆ నవ్వుకు రుజువులతో పనిలేదు, ఒక మెత్తని నడక చాలు.

ఆ రాత్రి మొదటి సంవత్సరం విద్యార్థి ప్రశ్న అడిగినప్పుడు మా కళ్లముందు మెదిలింది ఇతనే. ఇతను మోన్ వలె దేశాన్ని గెలిచి తిరిగివచ్చి మనలను సిగ్గుపరచడు. అంత ఆట అతని వద్ద లేదు. సాయంకాలం ఒక గంట నలుగురితో ఆడుకొని, చెమట తుడుచుకుని, పంపు దగ్గర నీళ్లు త్రాగి గదికి పోవడమే అతను కోరింది. ఛాంపియన్లకు చప్పట్లు కొట్టడానికి గొప్ప మనసు అక్కరలేదు. ఆ చప్పట్లు గెలుపే రాబట్టుకుంటుంది. సామాన్యమైన ఆటగాడికి, గెలవని మనిషికి, ఆ ఒక్క గంట ఇవ్వగలమా అన్నదే మన సంస్కారానికి పరీక్ష.

వాలీబాల్ ఆటకే ఒక ధర్మం ఉంది. వల దగ్గర అడ్డుకొనేటప్పుడు తప్ప, ఒకే ఆటగాడు బంతిని వరుసగా రెండుసార్లు తాకరాదు. ఎంత మొనగాడైనా బంతిని మరొకరి చేతికి ఇవ్వవలసిందే. మూడు తాకిళ్లలో అవతలికి పంపవలసిందే. చిత్రంలోని చాయ్ నేర్చుకున్న పాఠం ఇదే. తాను చిన్నచూపు చూచినవారు లేపిన బంతినే తాను కొట్టాలి. లంపాంగ్ జట్టు గెలిచిన కాలంలో మరొక నియమం ఉండేది. చివరి సెట్టులో తప్ప, సర్వీసు చేసే జట్టుకే పాయింటు వచ్చేది. సర్వీసు చేతిలో లేని జట్టు ఎంత చక్కగా ఆడినా పాయింట్ల పట్టికలో అంకె కదిలేది కాదు. 1990ల చివర ఆటలో ఆ నియమం మారింది. మన గట్టుమీద మాత్రం ఇంకా మారలేదు. కొందరికి సర్వీసు ఇవ్వకుండానే, “చూడండి, వీరికి పాయింట్లు లేవు” అని వ్రాసుకుంటున్నాము.

కాబట్టి కళాశాల సంఘం వారికి మా మనవులు మూడు. ఇవి కొత్త కోరికలు కావు. చట్టం ఇదివరకే చెప్పినవాటిని ఆచరణలో పెట్టమని అడగడమే.

మొదటిది. ర్యాగింగు నిరోధానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో నిబంధనలు చేసింది. 2016లో వాటిని సవరించి, ఒక విద్యార్థిని లింగం, ట్రాన్స్‌జెండర్ కావడం, లైంగిక స్వభావం, రూపం మొదలైన కారణాలతో వేధించడమూ, వెలివేయడమూ ర్యాగింగు క్రిందికే వస్తాయని స్పష్టంచేసింది. ప్రవేశ సమయంలో మనచేత సంతకం చేయించే పత్రం ఉన్నదే గాని, అందులో ఈ మాటలున్నాయని మాలో చాలామందికి తెలియదు. ఈ భాగాన్ని ఉర్దూలోను, తెలుగులోను వ్రాయించి ప్రకటన ఫలకం మీదనే కాక ఆటస్థలం గోడమీద కూడా పెట్టించాలి. వేధింపు తరగతిలో కంటె గట్టుమీదనే ఎక్కువ.

రెండవది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు పార్లమెంటు 2019లో చేసిన చట్టంలోని 13వ సెక్షన్, ప్రభుత్వ నిధులు లేక గుర్తింపు పొందిన విద్యాసంస్థలు చదువులోనే కాక క్రీడలలోను, వినోదాలలోను వారికి సమానావకాశం కల్పించాలని ఆదేశించింది. జట్ల ఎంపికకు ఆట తప్ప వేరు కొలమానం లేదని ఏటా ఎంపికకు ముందు వ్యాయామ అధ్యాపకులు అందరి ఎదుట ప్రకటించాలి. ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం పెద్దల నోట వినబడితే గట్టుమీది రాగం సగం ఆగిపోతుంది.

మూడవది. జట్టుకు ఎంపిక కాని విద్యార్థులు కూడా ఆడుకొనేందుకు వారానికి రెండు సాయంకాలాలు కోర్టు విడిచిపెట్టాలి. పతకాలు తెచ్చేవారికి కోర్టు ఎలాగూ ఉంది. ఆట మీద ఇష్టం తప్ప మరేమీ లేనివారికి కూడా కళాశాలలో చోటు ఉన్నదని దానివల్ల తెలుస్తుంది.

సోదర విద్యార్థులకు మా మనవి ఒక్కటే. నవ్వు మానమని మేము చెప్పడం లేదు. నవ్వు లేని వసతిగృహం చెరసాలతో సమానం. ‘సత్రీ లెక్’ మరొకసారి చూడండి, కడుపార నవ్వండి. ఆ నవ్వు ఎప్పుడు పుట్టింది, ఎవరి మీద పుట్టింది అని మాత్రం ఒక్క క్షణం గమనించండి. కూడా ఆడుతున్నవాని నవ్వు వేరు, గట్టుమీద కూర్చున్నవాని నవ్వు వేరు. మొదటిది స్నేహం. రెండవది పెద్దలు చెప్పిన నాలుగు విధాల చేటులో ఒకటి.

చివరి మాట. ఈ వ్యాసం వ్రాయడానికి ముందు మేము ఆ విద్యార్థి వద్దకు వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాము. అతను నవ్వాడు. ఆటకు మళ్లీ వస్తానని అనలేదు, రానని అనలేదు. వచ్చినా, రాకపోయినా సాయంకాలపు జట్టు పట్టికలో అతని పేరు ఎదుట ఉన్న ‘సొంత కారణాల వల్ల’ అన్న మాటను కొట్టివేయవలసినదిగా వ్యాయామ విభాగం వారిని కోరాము. అది అబద్ధం గనుక. మా మనవులను పెద్దలు ఆలకిస్తారని నమ్ముతూ సెలవు తీసుకుంటున్నాము.